చర్మమా, తోలా? కాస్త సాయం చేయండి

మాది అమలాపురం దగ్గర పల్లె. డిగ్రీ ప్రాజెక్టుకి చర్మం గురించి రాస్తూ ఇరుక్కుపోయాను. చర్మానికి సుశ్రుతుడు ఏడు పొరలు చెప్పాడు, చరకుడు ఆరే అన్నాడు. ఆ తేడా ఎందుకో ఆయుర్వేదం చదివినవాళ్లు చెప్పగలరా?

అసలు తంటా ఇంకోటి. మాధవపట్నంలో తోలుబొమ్మ దగ్గర్నుంచి చూశాను. మేకతోలు గీకి ఎంత పల్చన చేశారంటే, వెనక దీపం వెలుగు రంగుల్లోంచి ఇవతలికి వస్తోంది. పశువుదైతే తోలు, మనిషిదైతే చర్మం అంటాం కదా. మరి కోపమొస్తే మా అమ్మమ్మ 'తోలు తీస్తా' అంటుందేంటి! తత్వాల్లోనూ ఈ ఒళ్లు 'తోలుతిత్తే'. ఊడ్పుల్లో నాని తెల్లగా ముడతలు పడ్డ అమ్మమ్మ వేళ్లని ఏమనాలో మరి.

ఈ రెండు మాటల మీద తెలుగులో ఎవరైనా రాశారా? పుస్తకం పేరు చెప్పినా చాలు. వైవా వచ్చే వారమే, టెన్షన్‌గా ఉంది.