తీవ్ర గాయాలైన ప్రతి ఒక్కరికీ పూర్తి ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్) తీయాలా?

క్యాజువాలిటీ డాక్టర్:
ఛాతీకి గట్టి దెబ్బ తగిలినవాళ్లకు ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) రెండూ నార్మల్‌గా ఉంటే గుండెకు గాయం లేనట్టేనని అమెరికా ట్రామా వైద్యుల సంఘం ఈస్ట్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతాయి. బీపీ నిలవకపోయినా, గుండె లయ కొత్తగా తప్పి సర్దుకోకపోయినా అప్పుడు ఎకో. నాకిది చాలదనిపిస్తోంది. మత్తులో, వెంటిలేటర్ మీద ఉన్న మనిషి ఛాతీలో నొప్పని చెప్పలేడు. ఐసీయూలో చేరే ప్రతి తీవ్ర గాయం కేసుకూ మొదటి రోజే పూర్తి ఎకో తీయాలి.

కార్డియాలజీ పీజీ:
ఒప్పుకోలేను మేడమ్. చర్మం కింద గాలి చేరినా, ఛాతీ మీద కట్లున్నా విండో, అంటే స్కాన్‌లో గుండె కనబడే సందు, సరిగా దొరకదు. మసక బొమ్మ చూసి గుండె గోడ కదలిక తగ్గిందని రాస్తే, అది ఇవాళ్టి దెబ్బో పాత గుండెజబ్బో ఎవరు తేల్చాలి? పైగా కమిలిన గుండె కండరానికి చాలాసార్లు మనం చేసేది మానిటర్ మీద పెట్టి కనిపెట్టుకుని ఉండటమే.

ట్రామా సర్జన్:
ఫాస్ట్ స్కాన్ (లోపల రక్తం చేరిందేమో చూసే అత్యవసర అల్ట్రాసౌండ్) చేశాం కదా, ఇంకెందుకు అనేవాళ్లకు ఒక మాట. ఆ స్కాన్ గుండె దగ్గర ప్రధానంగా చూసేది చుట్టూ రక్తం చేరిందా అనే. వేగంగా చేరితే 200 మిల్లీలీటర్లలోపు రక్తమే గుండెను నొక్కేయగలదు. కానీ పెరికార్డియం, అంటే గుండె చుట్టూ ఉండే సంచి, చిరిగితే ఆ రక్తం ఎడమ ఛాతీలోకి కారిపోతుంది, గుండె చుట్టూ ఏమీ కనబడదు. అందుకే ఎడమవైపు రక్తం ఉన్నప్పుడు నెగెటివ్ స్కాన్‌ను నేను నమ్మను, మళ్లీ చూస్తాను.

క్యాజువాలిటీ డాక్టర్:
పీజీ గారూ, ఎకోతో చికిత్స మారుతుంది. కుడి జఠరిక రొమ్ము ఎముక వెనకే ఉంటుంది, ముందు నుంచి తగిలే దెబ్బ మొదట దానికే. అది ఉబ్బిపోయి ఉంటే సెలైన్ మీద సెలైన్ ఎక్కించడం హాని. కవాటం చిరిగినా, గదుల మధ్య గోడకు రంధ్రం పడినా ఎకోలోనే తెలిసేది. నేరుగా దెబ్బ తగలకపోయినా షాక్ వల్ల గుండె నీరసించవచ్చు కూడా.

కార్డియాలజీ పీజీ:
ట్రోపోనిన్ పెరిగినా, ఈసీజీ మారినా, బీపీ పడటానికి కారణం దొరక్కపోయినా తప్పకుండా తీద్దాం. విండో లేకపోతే అన్నవాహిక గుండా చూడొచ్చు, మెడ ఎముకకూ అన్నవాహికకూ గాయం లేదని తేలాకే. అందరికీ మాత్రం వద్దు.

క్యాజువాలిటీ డాక్టర్:
"కారణం దొరక్కపోతే" అన్న షరతు దగ్గరే నా భయం. కటి ఎముక విరిగి కనబడగానే అక్కడి రక్తస్రావంతోనే బీపీ పడిందని, కారణం దొరికిందని అనుకుంటాం. ఇక గుండె వైపు ఎవరూ ప్రోబ్ పెట్టరు.