ఈమ్యాక్స్: ఇటీవలి ఫైళ్ల జాబితాలో సర్వర్ ఫైళ్లు ఉంటే ప్రారంభంలోనే నిలిచిపోతోంది

ప్రశ్న:
ఈమ్యాక్స్ టెక్స్ట్ ఎడిటర్‌లో, ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితాను గుర్తుంచుకునే రీసెంట్ఎఫ్ మోడ్‌ను చాలాకాలంగా వాడుతున్నాను. ట్రాంప్ (వేరే యంత్రాల్లోని ఫైళ్లను ఈమ్యాక్స్‌లోనే తెరిచే సదుపాయం) ద్వారా ఆఫీసు సర్వర్‌లోని ఫైళ్లను ఇంటి నుంచి తెరవడం మొదలుపెట్టాక ఒక చిక్కు వచ్చింది. ఆఫీసు నెట్‌వర్క్‌కు చేర్చే వీపీఎన్ కలపకుండా ఈమ్యాక్స్ తెరిస్తే దాదాపు నిమిషం పాటు విండో కదలదు. నడుస్తున్న పనిని ఆపే కంట్రోల్-జి నొక్కితే కదులుతుంది కానీ, ప్రారంభంలో చదివే ఇనిట్ ఫైల్‌లో ఆ తరువాత ఉన్న అమరికలేవీ అమలు కావు. పైగా మొన్న తెరిచిన సర్వర్ ఫైళ్లు కొన్ని జాబితాలో కనిపించడం లేదు. రెండింటికీ కారణం ఒకటేనా?

జవాబు 1:
రీసెంట్ఎఫ్-ఆటో-క్లీనప్ విలువను 'నెవర్' అని పెట్టండి. ఆ వరుస మోడ్‌ను ఆన్ చేసే వరుస కంటే ముందే ఉండాలి, ఎందుకంటే డిఫాల్ట్‌గా మోడ్ ఆన్ అయిన క్షణంలోనే జాబితా శుభ్రపడుతుంది, అంటే అందులో ఉంచనక్కర్లేని ఫైళ్లు తొలగుతాయి.

ప్రశ్న అడిగినవారు:
మీరు చెప్పినట్టు చేశాక వెంటనే తెరుచుకుంటోంది, ధన్యవాదాలు. అయితే రీసెంట్ఎఫ్-క్లీనప్‌ను నేనే నడిపితే మళ్లీ అదే కథ. డీబగ్-ఆన్-క్విట్ (కంట్రోల్-జితో ఆపినప్పుడు ఎక్కడ ఆగిందో చూపే అమరిక) పెట్టి చూస్తే ఫైల్-రీడబుల్-పి (ఫైల్‌ను చదవగలమా అని చూసే ఫంక్షన్) దగ్గర ఆగినట్టు బ్యాక్‌ట్రేస్ చూపిస్తోంది.

జవాబు 2:
అసలు దోషం అక్కడే దొరికింది. మీ ఇనిట్ ఫైల్‌లో రీసెంట్ఎఫ్-కీప్‌కు (జాబితాలో ఏ ఫైళ్లను ఉంచాలో చెప్పే అమరిక) ఫైల్-రీడబుల్-పి ఒక్కటే ఇచ్చి ఉంటారని నా అనుమానం. పాత కాన్ఫిగ్‌లను అతికించుకున్నప్పుడు ఇలాంటివి వచ్చి చేరుతుంటాయి. శుభ్రపరిచేటప్పుడు జాబితాలోని ప్రతి ఫైల్‌నూ 'చదవగలమా' అని అడుగుతారు కనుక, సర్వర్ ఫైల్ వంతు రాగానే ట్రాంప్ ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్‌కు ప్రయత్నించి, అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే డిఫాల్ట్‌గా 60 సెకన్లు వేచి చూస్తుంది. మీ నిమిషం లెక్క అదే. ఆ వరుసను తీసేయండి: డిఫాల్ట్ పద్ధతి ఇప్పటికే కలిసి ఉన్న కనెక్షన్ల మీది ఫైళ్లను మాత్రమే పరీక్షించి, మిగిలిన రిమోట్ ఫైళ్లను అడగకుండానే ఉంచుతుంది. రిమోట్ ఫైళ్లను ఎప్పుడూ పరీక్షించవద్దనుకుంటే ఫైల్-రిమోట్-పి (ఫైల్ వేరే యంత్రంలోదా అని చూసేది) ముందు, ఫైల్-రీడబుల్-పి తరువాత రాయండి. మొదటిది అవునంటే రెండోదాన్ని అడగరు కాబట్టి ఈ వరుసక్రమం తప్పకూడదు.

ఫైళ్లు మాయమవడం మాత్రం వేరే సంగతి కావచ్చు. రీసెంట్ఎఫ్-మ్యాక్స్-సేవ్డ్-ఐటమ్స్ (జాబితాలో దాచే ఫైళ్ల గరిష్ఠ సంఖ్య) డిఫాల్ట్ 20 మాత్రమే. ఒక పూట ఇంట్లోని ఫైళ్లు ఇరవై తెరిస్తే మొన్నటివి జారిపోవూ? దాన్ని 200 చేయండి. రెండు ఈమ్యాక్స్‌లు ఒకేసారి నడుపుతుంటే ఇంకో మెలిక ఉంది: చివర మూసినది తన జాబితాను మొదటిదాని మీద రాసేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
మీ అనుమానం నిజమే, ఆ వరుస ఉంది. తీసేశాక వీపీఎన్ లేకుండానే క్లీనప్ క్షణంలో ముగిసింది, సర్వర్ ఫైళ్లూ జాబితాలోనే ఉన్నాయి. 'నెవర్'ను కూడా తొలగించాను. రెండు ఈమ్యాక్స్‌ల అలవాటు నాకూ ఉంది; 200 పెట్టి వారం చూస్తాను.