ఫార్మసిస్టు ఇంటికి వచ్చి టీకా వేయవచ్చా? నియమం తెలిసినవారు చెప్పగలరు

నమస్కారం. మేము హైదరాబాదులో మల్కాజిగిరిలో ఉంటున్నాము. మా నాన్నగారికి 74 ఏళ్లు. ఏటా ఫ్లూ టీకా వేయిస్తున్నాము కానీ, ఈసారి మోకాళ్ల నొప్పితో ఆయన మూడంతస్తులు దిగలేకపోతున్నారు, మా భవనానికి లిఫ్టు లేదు. వీధి చివరి మందుల దుకాణంలోని ఫార్మసిస్టు, డాక్టరుగారి చీటీ ఉంటే తానే ఇంటికి వచ్చి వేస్తానన్నారు.

2021 జనవరి 16న కోవిడ్ టీకాలు మొదలైనప్పుడు, కేంద్ర మార్గదర్శకాలు డాక్టర్లు, నర్సులు, ఏఎన్ఎంలతో పాటు ఫార్మసిస్టులను కూడా టీకా వేయదగినవారిగా పేర్కొన్నాయి. ఆ వెసులుబాటు ఆ కార్యక్రమానికే పరిమితమా, లేక డబ్బు పెట్టి కొనుక్కునే మామూలు టీకాలకు కూడా వర్తిస్తుందా అన్నదే నా ప్రశ్న. అమెరికాలో ఉన్న మా చెల్లెలు ఏటా మందుల దుకాణంలోనే ఫ్లూ టీకా వేయించుకుంటుంది కనుక ఆమెకు నా సందేహమే వింతగా తోచింది; అక్కడి పద్ధతి ఇక్కడ చట్టం కాదు కదా. మన బస్తీలలో పిల్లలకు టీకాలు వేసేది ఏఎన్ఎంలు. ఇల్లిల్లూ తిరిగి తల్లులను పిలుచుకువచ్చే ఆశా కార్యకర్తలు సూది పట్టరు.

ఆ ఫార్మసిస్టు నేర్పు మీద నాకు అనుమానం లేదు. టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో తేవడం ఆయనకు తెలిసిన పనే. అయితే, వేసిన కొద్ది నిమిషాలకే తీవ్రమైన అలర్జీ వస్తే ఇంట్లో చికిత్స ఎవరు చేస్తారు, బాధ్యత ఎవరిది? ప్రస్తుతం అమలులో ఉన్న ఉత్తర్వు ఏదైనా ఉంటే దాని సంఖ్య, తేదీ తెలుపగలరు. ఈ ప్రాంతంలో అర్హత గల నర్సును ఇంటికి పిలిపించుకున్నవారు ఆ విధానాన్ని వివరించినా ఎంతో మేలు చేసినవారవుతారు.