అప్‌డేట్: అంబాసిడర్ ఫ్లోర్ తుప్పు, నీళ్లు ఎక్కడి నుంచో తేలింది

మార్క్ 4 అంబాసిడర్‌కి డ్రైవర్ కాళ్ల దగ్గర ఎన్ని ప్యాచ్‌లు వేసినా ఏడాది తిరక్కుండా మళ్లీ చిల్లులు పడుతున్నాయని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ముందువైపు అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ చూడమన్నవారి మాటే నిజమైంది.

విజయనగరంలో ఒక పాత టింకరింగ్ మేస్త్రి మ్యాట్లన్నీ తీసేసి, అద్దం మీద పైపుతో నీళ్లు వదిలి, లోపల టార్చి వేసి చూశారు. కింది మూలలో రబ్బరు గట్టిపడి, డ్యాష్‌బోర్డు వెనక నుంచి సన్నటి ధార. పైగా సిల్ (డోర్ల కింద పొడవునా ఉండే డొల్ల రేకు భాగం) కింద నీళ్లు పోయే డ్రెయిన్ రంధ్రాలు అండర్‌కోటింగ్‌తో (బండి అడుగున వేసే పూత) పూడిపోయాయి. నీరు లోపలే నిలిచి రేకుని లోపలి నుంచి తినేసింది. పైన పెయింటు బాగానే ఉంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అప్పడంలా విరిగింది.

ఈ బండికి విడిగా ఛాసిస్ (కింద బరువు మోసే ఫ్రేమ్) ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. సిల్ కోస్తే బాడీ కుంగి డోర్లు పట్టవు. అందుకే డోర్ ఖాళీలో ఇనుప యాంగిల్ అడ్డంగా టాకా వేశాకే (తాత్కాలికంగా చిన్న వెల్డింగు చుక్కలతో బిగించాకే) కోశారు. కొత్తగా వేసింది 18 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) స్టీలు షీటు, అతికింది మిగ్ (గ్యాస్ వదులుతూ తీగతో వేసే) వెల్డింగుతో. ఒకేచోట అంగుళం మించి లాగితే రేకు మెలి తిరుగుతుంది, చోటు మార్చుకుంటూ వేయాలి. అతుకుల మధ్య వెల్డింగ్‌కి పనికొచ్చే జింక్ ప్రైమర్, పైన సీమ్ సీలర్ (అతుకుల్లో నీరు దూరకుండా పూసే పేస్టు), సిల్ లోపల తుప్పు పట్టకుండా వ్యాక్స్. బ్యాటరీ వైర్లు, పెట్రోలు పైపు ముందే తప్పించాలి.

రస్ట్ కన్వర్టర్ (తుప్పు మీద పూసే రసాయనం) పైపైన తుప్పుకి సరే, పొరలుగా ఊడే రేకుకి దండగ. తుప్పుకి కారణం సముద్రపు ఉప్పుగాలి అని చాలామంది అన్నారు. బండి ఉండేది సముద్రం ఒడ్డునున్న కళింగపట్నంలోనే అయినా, రెండో వైపు ఫ్లోర్ గట్టిగానే ఉంది, కాబట్టి అసలు కారణం అది కాదు.