మొదటి మిడ్‌లో 12 మార్కులే, మ్యాథ్స్ సబ్జెక్ట్ పోకుండా ఏం చేయాలి?

ప్రశ్న (గుంటూరు, బీటెక్ ఫస్ట్ ఇయర్):
అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది సత్తెనపల్లి పక్కన పల్లెటూరు. ఇక్కడ హాస్టల్లో ఉంటున్నాను. మా కాలేజీ జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉంది, ఆర్23 రెగ్యులేషన్ (2023లో మొదలైన సిలబస్, పరీక్షల నిబంధనలు). మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష) అప్పుడు టైఫాయిడ్ వచ్చింది. లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాలిక్యులస్‌లో 30కి 12 పడ్డాయి. అటెండెన్స్ 71 శాతానికి దిగింది. ఇంటర్ తెలుగు మీడియం. ఇంటర్నల్స్ (మిడ్స్‌ని బట్టి వేసే 30 మార్కులు) ఇలా ఉంటే బ్యాక్‌లాగ్ (సబ్జెక్ట్ ఫెయిలై మిగిలిపోవడం) ఖాయమని రూమ్మేట్ భయపెడుతున్నాడు. నిజమేనా?

జవాబు (విజయవాడ పటమట, ఫైనల్ ఇయర్):
టెన్షన్ పడకు తమ్ముడూ, ముందు లెక్క చూసుకో. రెండు మిడ్స్‌లో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువదానికి 20 శాతం వెయిటేజీ. రెండో మిడ్‌లో 24 తెచ్చుకుంటే 19.2, మొదటిదాని నుంచి 2.4, మొత్తం 21.6. అంటే నీ 12 మార్కుల వల్ల పోయేది చాలా తక్కువ. పాస్‌కి రెండు షరతులు: ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివర యూనివర్సిటీ పరీక్ష) 70లో 35 శాతం, అంటే 25; రెండూ కలిపి వందలో 40. ఇంటర్నల్స్ 15 దాటితే ఎక్స్‌టర్నల్‌లో 25 తెచ్చుకుంటే చాలు. అదే ఇంటర్నల్స్ 9 దగ్గర ఆగితే 31 కావాలి. ఇంకోటి, ఇంటర్నల్స్ 28 వచ్చినా ఎక్స్‌టర్నల్‌లో 20 దగ్గర ఆగిపోయావంటే సబ్జెక్ట్ పోయినట్టే. మా బ్యాచ్‌లో బాగా చదివేవాళ్లు కొందరు దొరికిపోయింది ఇక్కడే.

మరో జవాబు (గుంటూరు, థర్డ్ ఇయర్):
ఇంత లెక్కలెందుకు బ్రో. పాత పేపర్లు తిరగేసి ఐదు యూనిట్లలో మూడు గట్టిగా చదువు, మిగతా రెండూ వదిలెయ్. నేను గట్టెక్కింది అలాగే.

జవాబు (గుంటూరు, మ్యాథ్స్ చెబుతాను):
పై సలహాతో నేను ఏకీభవించను. ఆర్23 పేపర్లో పార్ట్ ఏలో రెండు మార్కుల ప్రశ్నలు పది, యూనిట్‌కి రెండు చొప్పున అన్ని యూనిట్ల నుంచీ వస్తాయి. పార్ట్ బీలో యూనిట్‌కి ఒక పది మార్కుల ప్రశ్న, అందులో చాయిస్. మూడు యూనిట్లే చదివితే మీరు రాయగలిగేదే 42 మార్కులకు. అందులో 25 రావాలంటే రాసినదానిలో 60 శాతం దాకా కరెక్ట్ కావాలి. మొదటి సెమిస్టర్ పిల్లలకు అది ప్రమాదం. లోతుగా మూడు యూనిట్లే చెయ్యండి, కాదనను. కానీ చిన్న ప్రశ్నలు మాత్రం ఐదు యూనిట్లవీ చూసుకోవాల్సిందే.

తెలుగు మీడియం అని కంగారు అక్కర్లేదు బాబూ. ఇంటర్ వన్-ఏలో మాత్రికలు, నిర్ధారకాలు చేశారుగా, ర్యాంక్, ఐగెన్ విలువలు, కేలీ-హామిల్టన్ సిద్ధాంతం వాటి మీదే నిలబడతాయి. రోల్, లగ్రాంజ్ సిద్ధాంతాలు వన్-బీలో చదివినవే. అక్కడి నుంచి మొదలుపెట్టండి, కొత్తగా నేర్చుకోవాల్సింది పాక్షిక అవకలనాలు, మల్టిపుల్ ఇంటిగ్రల్స్. వాటికి ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) వీడియోలు ఉచితం. కానీ చూసి ఊరుకుంటే లాభం లేదు, మధ్యలో వీడియో ఆపేసి ఆ లెక్క కాగితం మీద మీరే పూర్తి చెయ్యాలి. పరీక్షలో జవాబు తప్పినా స్టెప్పులకు మార్కులు పడతాయి, కాబట్టి ఖాళీగా వదలొద్దు. చాలామంది లెక్క రాక ఫెయిలవరు, చూసిన లెక్కను రాయడం అలవాటు లేక ఫెయిలవుతారు.

జవాబు (పటమట, పై ఫైనల్ ఇయరే):
సార్ చెప్పింది కరెక్టే. తమ్ముడూ, బెజవాడ వస్తే లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి. కానీ కవర్ మీద రెగ్యులేషన్ చూసి కొను. అంతకుముందు ఉన్న ఆర్20 పేపర్లో 14 మార్కుల ప్రశ్నలే, చిన్నవి ఉండవు. దాన్ని నమ్ముకుంటే పార్ట్ ఏ పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్స్ అన్నా, సార్. మరి 71 శాతం సంగతి? హాల్ టికెట్ ఇవ్వరేమోనని భయంగా ఉంది.

జవాబు (మ్యాథ్స్ చెబుతాను):
75కి తగ్గి 65కి పైన ఉంటే అనారోగ్యం లాంటి కారణాలు చూపి ఫీజు కట్టి కండోనేషన్ (అటెండెన్స్ తగ్గినా పరీక్ష రాయనివ్వడం) అడగొచ్చు. 65 లోపు పడితే డిటెన్షనే, సెమిస్టర్ మళ్లీ చదవాలి. కండోనేషన్ హక్కు కాదు, ఇవ్వడం కాలేజీ చేతిలో ఉంటుంది. అందుకే డిశ్చార్జ్ కాగితాలు, బ్లడ్ రిపోర్ట్ జిరాక్సులు ఈ వారమే క్లాస్ ఇన్‌ఛార్జికి ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. సెమిస్టర్ చివర్లో తెచ్చే సర్టిఫికెట్‌ని ఎవరైనా అనుమానంగానే చూస్తారు. ఇక మీదట ఒక్క పీరియడ్ కూడా వదలకండి, ల్యాబులతో సహా.

ఒకవేళ రిజల్ట్‌లో పోయిందే అనుకోండి, రీవాల్యుయేషన్‌కి పెట్టుకుని దాని మీదే ఆశతో కూర్చోకండి. సప్లీ (ఫెయిలైన సబ్జెక్ట్ మళ్లీ రాసే పరీక్ష) ఫీజు గడువు వస్తే అదీ కట్టెయ్యండి.