డాన్ వాల్ బోల్టుల గొడవలో మీరు ఎవరి వైపు?
రాళ్ళెక్కే అలవాటున్న అన్నలు, అక్కలు కాస్త చెప్పండి. మాది కడప. అమెరికాలోని యోసెమిటీలో క్లైంబింగ్ ఎట్లా పెరిగిందో చెప్పే డాక్యుమెంటరీ ఒకటి మా జట్టంతా కూర్చుని చూసినాం. అప్పుడు మొదలైన వాదన ఇంకా తెగలేదు.

1970లో వారెన్ హార్డింగ్, డీన్ కాల్డ్‌వెల్ అనే క్లైంబర్లు 27 రోజులు అక్కడి ఎల్ క్యాపిటన్ అనే పెద్ద రాతికొండ గోడ మీదే ఉండి డాన్ వాల్ అనే దారిన ఎక్కినారు. బోల్టులు (తాడు తగిలించేదానికి రాతిని తొలిచి కొట్టే ఇనుప మేకులు) మరీ ఎక్కువ కొట్టినారని రాయల్ రాబిన్స్ అనే ఇంకో క్లైంబర్ 1971లో అదే దారిన ఎక్కుతా వాటిని నరకడం మొదలుపెట్టినాడు. పైకి పోయేకొద్దీ వాళ్ళ పనితనం ఎంత గొప్పదో చూసి ఆపేసినాడు. ఆ ఆపేయడమే నాకు బాగా నచ్చింది. మావాళ్ళు కొందరు అసలు నరకడమే అన్యాయం అంటారు. 1993లో లిన్ హిల్ అనే ఆమె అదే ఎల్ క్యాపిటన్ మీది నోస్ అనే దారిని ఫ్రీగా, అంటే జారి పడిపోతే కాపాడేదానికి మాత్రమే తాడును వాడి ఎక్కిన సంగతికి మాత్రం అందరం చప్పట్లు కొట్టినాం.

మీకేమనిపిస్తుంది? ఇంకోటి, మాకు ముఖ్యమైంది: గండికోటలో పెన్నా లోయ గోడలకు బోల్టులు కొట్టడం సబబేనా? పైనుంచి తాడు కట్టుకుంటే చాలదా? కోట పక్కనే కదా, అనుమతి ఎవరిని అడగాల? అక్కడ ఎక్కినవాళ్ళుంటే దయచేసి వివరంగా రాయండి.