సమస్యాపూరణం: "కన్ను మూసినఁ గనిపించెఁ గాదె దారి"

చంపావతి (నిర్వహణ, విజయనగరం):

ఈసారి సమస్య, అంటే పద్యానికి నేనిచ్చే చివరి పాదం, వానదారి మీద. ముందు మూడు పాదాలు మీవి. తుపాను రాత్రి, బండిలో ఒక్కరే, పదహారో నంబరు జాతీయ రహదారి. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఎక్కడైనా పెట్టుకోండి, ఎటు వెళ్తున్నా సరే. అక్టోబరు వస్తే మన తీరానికి గుబులే కదా. 2013లో ఫైలిన్ 12వ తేదీన గోపాల్‌పూర్ దగ్గర, మరుసటి ఏడు అదే తేదీన హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018లో తిత్లీ 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటాయి. అలాంటి రాత్రి ఒంటరిగా స్టీరింగు పట్టుకున్న మనిషి మీకు కళ్లకు కట్టాలి.

ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అది కలవాలి. ప్రాసయతి (ఆ రెండింటి పక్కనున్న రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది.

ఒక్క విన్నపం. కన్ను మూయడం అనగానే ముందుగా తట్టేది చావు. ఆ అర్థంతో ప్రమాదం రాయకండి. ఈ రోడ్డు మీద అయినవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లు మనలోనే ఉన్నాయి.

నాగావళి (శ్రీకాకుళం):

కారు పెనువెల్గు వానలోఁ గట్టెఁ దెరలు
తెల్లగోడగ నెదురుగాఁ దిరిగి కొట్టె
మీట దించితి మెల్లగా, మేటి వెలుఁగు
కన్ను మూసినఁ గనిపించెఁ గాదె దారి

చంపావతి:

చక్కని పూరణ. యతులన్నీ కుదిరాయి. జడివానలో హైబీమ్ వేస్తే ఆ వెలుగు చినుకుల మీద పడి మన కళ్లలోకే తిరిగొస్తుంది. చాలామంది కనిపించడం లేదని ఇంకా పెద్ద లైటు వేస్తారు, గోడ ఇంకా దగ్గరకొస్తుంది. లోబీమ్‌కి దించితే ముందున్న తెల్లగీత, దాని పక్కన పారే నీళ్లు కనిపిస్తాయి, ఎదురొచ్చే లారీ డ్రైవరుకీ కళ్లు చెదరవు. సమస్యలోని విరోధం రోడ్డు మీద నిజంగా జరిగే పనితోనే విడిపోయింది. నేను కోరుకునే పూరణ ఇలాంటిదే. "మెల్లగా" అన్న మాట నాకు మరీ నచ్చింది. గాభరాలో ఉన్నవాడి చెయ్యి నిదానించిన క్షణం అందులో ఉంది.

ఉద్దానం (పలాస):

నేలఁ జేరిన తిత్లికి నీరు లేక
కడలి యూపిరి దెగిపోయి గాలి యణఁగె
సుడుల నడుమ నిలిచినట్టి శూన్యమైన
కన్ను మూసినఁ గనిపించెఁ గాదె దారి

కోటగుమ్మం (విజయనగరం):

తుపాను కన్ను! నాకు తట్టనే లేదు తమ్ముడూ. దండం.

చంపావతి:

ఊహ గొప్పది, శాస్త్రానికీ నిలుస్తుంది. తుపానుకి బలం వెచ్చని సముద్రపు ఆవిరి. నేల మీదికి వచ్చాక అది అందదు, కన్ను పూడిపోతుంది. ఇంకో సంగతి కూడా ఇందులో దాగి ఉంది. కన్ను మన మీదుగా పోతున్నంతసేపు గాలి ఆగిపోతుంది, ఆకాశం తేటపడినట్టుంటుంది. తుపాను వెళ్లిపోయిందనుకుని బయల్దేరినవాడిని కాసేపటికే ఎదురు దిక్కు నుంచి గాలి పట్టుకుంటుంది. కన్ను తెరిచున్నప్పుడు కదలకూడదు, మూసుకున్నాకే కదలాలి. సమస్యకి ఇంత న్యాయమైన అన్వయం దొరకడం అరుదు.

అయితే ఒక లోటు. గాలి అణగగానే దారి ఎలా కనిపించింది? తిత్లీ తర్వాత మీ వైపు కొబ్బరి, జీడి చెట్లు ఎలా కూలిపోయాయో మీకు వేరే చెప్పాలా. దారి మీద చెట్టుంటే తుపాను కన్ను మూసినా బండి కదలదు. రెండో పాదం మొదటి పాదం చెప్పిందే మళ్లీ చెబుతోంది, ఆ చోటు మనుషులకివ్వండి.

ఉద్దానం:

నిజమే మాస్టారూ. రంపాలు, కత్తులు పట్టుకుని ముందు రోడ్డెక్కింది మా ఊరి కుర్రోళ్లే. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఎవులూ పిలవలేదు. చెట్టు కోసీడం, పక్కకి లాగీడం, ఇంకో చెట్టు. ఆళ్లని పద్యంలోకి తెచ్చేను, చూడండి:

కొమ్మ లడ్డము దీసిరి కుఱ్ఱలెల్ల
నేలఁ జేరిన తిత్లికి నీరు లేక
సుడుల నడుమ నిలిచినట్టి శూన్యమైన
కన్ను మూసినఁ గనిపించెఁ గాదె దారి

చంపావతి:

ఇప్పుడు నిండుగా ఉంది. కొ–కు యతి సరిపోయింది. ఆ కుర్రాళ్లకు మొదటి పాదం దక్కడం న్యాయం.

వంశధార (నరసన్నపేట):

గురువుగారూ, నేను పద్యానికి కొత్త.

నిద్ర ముంచుకు రాఁగ నే నిలిపి బండి
బంకు పక్కన నొకచోట నిదురపోతి
తెల్లవాఱఁగ నా వాన దెఱపి యిచ్చె
కన్ను మూసినఁ గనిపించెఁ గాదె దారి

చంపావతి:

కొత్త అన్నారు గానీ నడక హాయిగా ఉంది. రెండో పాదంలో యతి తప్పింది, "బం"కి "ని" కుదరదు. "బంకు పక్కన నొకచోటఁ బండుకొంటి" అనండి, అర్థం చెడదు, మన మాటే. ఇక విషయం. ఒంటరి ప్రయాణంలో పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాళ్లుండరు. వైపరు అటూ ఇటూ ఒకే లయలో ఊగుతుంటే కునుకు రాకేం చేస్తుంది? మీరు బండి ఆపింది బంకులో, రోడ్డు వారన కాదు. వాన రాత్రి రోడ్డు వారన ఆగిన బండి వెనకొచ్చే లారీకి చివరిదాకా కనిపించదు. ఆ బంకును పద్యంలోంచి తీసేయకండి.

కోటగుమ్మం:

ఇంట్లో ఉన్నవాళ్ల వైపు నుంచి నాదొకటి.

ఫోను మూగయ్యెఁ, గొడు కెందుఁ బోయినాఁడొ
కోటబొమ్మాళి టెక్కలి గుర్తు సేసి
తల్లి మదిలోన నూరూరుఁ దాటుచుండ
కన్ను మూసినఁ గనిపించెఁ గాదె దారి

నాగావళి:

అక్కా, గుండె పట్టేసింది. శ్రీకాకుళం దాటి ఉత్తరానికి పోయేవాడికి ముందు కోటబొమ్మాళి, తర్వాత టెక్కలి. ఊళ్ల వరస కూడా తప్పలేదు. ఆవిడ వాడితో పాటే ప్రయాణం చేస్తోంది.

ఒక్క వ్యాకరణ విషయం. "దాటుచుండ" ద్రుతాంతం, అంటే చివర "న్" ఉన్న మాట. దాటుచుండన్ మీద "కన్ను" వస్తే "గన్ను" కావాలి, అప్పుడు ఇచ్చిన పాదమే మారిపోతుంది. "దాటె, నామె" అంటే ఇబ్బంది ఉండదు:

తల్లి మదిలోన నూరూరుఁ దాటె; నామె
కన్ను మూసినఁ గనిపించెఁ గాదె దారి

వంశధార:

మరి నా పద్యంలో "ఇచ్చె" కూడా ద్రుతాంతమే కదండీ?

నాగావళి:

అవును. కాకపోతే మీ వాక్యం అక్కడ ముగిసింది, ఆగి చదువుతాం. అలాంటి విరామం ఉన్నచోట ఇప్పటి పద్యంలో పట్టుబట్టడం లేదు. అక్క పద్యంలో వాక్యం ఆగకుండా కింది పాదంలోకి జారుతోంది, అందుకే చెవికి తగిలింది.

కోటగుమ్మం:

తీసుకున్నాను తమ్ముడూ. "ఆమె కన్ను" అనేసరికి ఆ చూపు ఎవరిదో కూడా తేలిపోయింది.

చంపావతి:

నాలుగింటిలో నా మనసు ఈ తల్లి దగ్గరే ఆగింది. మిగిలిన మూడింటిలో దారి బయట ఉంది, ఇందులో ఆవిడ లోపల. సిగ్నలు పోయిన రాత్రి మన ఇళ్లలో జరిగేది ఇదే. ఎవరో ఒకరు మంచం మీద కూర్చుని, ఈపాటికి టెక్కలి దాటుంటాడు అని లెక్కపెడుతూనే ఉంటారు. బండి నడిపేవాళ్లు సిగ్నలు తగిలిన మొదటి చోట, పక్కకు ఆపి, ఇంటికో మాట చెప్పండి.

ఆదివారం రాత్రి దాకా పూరణలు పంపొచ్చు. మెరుపు మీద ఇంకా ఎవరూ రాయలేదు.